అనునాద గొట్టం నుంచి స్పీకరు డబ్బా దాకా

బల్ల మీద పెట్టుకునే స్పీకర్లను సొంతంగా తయారు చేసుకోవడం చాలాకాలంగా నా వ్యాపకం. వాటి పౌనఃపున్య స్పందనను, అంటే ఏ పౌనఃపున్యాన్ని ఎంత బిగ్గరగా వినిపిస్తాయన్నదాన్ని, కొలిచి సరిదిద్దే పనిలో నాకు అక్కరకు వచ్చినవి ఎక్కువగా మన బడి ప్రయోగశాలలో అబ్బిన అలవాట్లే కనుక, ఈ సంచికకు ఇంతకన్నా తగిన విషయం తోచలేదు.

కొలవడం ఇప్పుడు కష్టమేమీ కాదు. అన్ని దిక్కుల శబ్దాన్నీ ఒకే తీరున గ్రహించే చిన్న కొలత మైకు, రూమ్ ఈక్యూ విజర్డ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా ఎడతెగకుండా పెరిగే స్వరాన్ని స్పీకరుకు పంపి, మైకుకు అందినదాన్ని అది గ్రాఫుగా గీసి చూపిస్తుంది. ఆ గీతలో ఎంత భాగాన్ని నమ్మవచ్చన్నదే అసలు ప్రశ్న. గోడల ప్రతిఫలనాలు చేరకముందే, అంటే సుమారు 5 మిల్లీసెకన్ల దగ్గర, సంకేతాన్ని కత్తిరిస్తే మిగిలేది స్పీకరు సొంత శబ్దమే. అయితే అంత చిన్న వ్యవధిలో 200 హెర్ట్జ్ కన్నా సూక్ష్మమైన వివరం ఇమడదు. వెర్నియర్ పట్టుకునే ముందే దాని కనీసపు కొలత (అది చూపగల అతి చిన్న కొలత) రాయించిన మా భౌతికశాస్త్రం మాస్టారి పట్టుదలకు అర్థం నాకు ఇక్కడ తెలిసింది. అంతకన్నా కింది పౌనఃపున్యాల కోసం మైకును వూఫర్ (మంద్ర స్వరాలు పలికే స్పీకరు) శంకువుకు దాదాపు ఆనించి విడిగా కొలవాలి. ధ్వని ఇంజనీరు డాన్ కీల్ 1974లో వివరించిన ఈ పద్ధతిలో గది ప్రభావం లెక్కలోకి రానంత తక్కువగా ఉంటుంది.

గాలి రాకపోకలకు పోర్టు అనే గొట్టం ఉన్న డబ్బాలో ఈ కొలత ఇంకొక సంగతీ చెబుతుంది. డబ్బా శ్రుతి అయిన పౌనఃపున్యం దగ్గర, అంటే అందులోని గాలి అనునాదం చెందే చోట, శంకువు కదలిక బాగా తగ్గిపోయి, గ్రాఫులో లోయ కనిపిస్తుంది. అనునాద గొట్టం ప్రయోగంలో గాలి స్తంభం పొడవుకు వ్యాసంలో 0.3 వంతు కలిపి లెక్క వేసేవాళ్ళం. పోర్టుకూ అటువంటి సవరణే ఉంది. 5 సెంటీమీటర్ల వ్యాసమున్న గొట్టానికి రెండు కొసలూ కలిపి అది మూడున్నర సెంటీమీటర్లు దాటుతుంది. దాన్ని లెక్కలో వదిలేసిన డబ్బా అనుకున్నదానికన్నా కింది పౌనఃపున్యానికి శ్రుతి అవుతుంది.

ఇంతకన్నా పెద్ద చిక్కు బల్లతోనే వస్తుంది. స్పీకరు బల్లకు 15, చెవి 40 సెంటీమీటర్ల ఎత్తులో ఉండి, రెంటి నడుమ బల్ల వెంబడి 70 సెంటీమీటర్ల దూరం ఉందనుకుందాం. బల్లను తాకి వచ్చే శబ్దం నేరుగా వచ్చేదానికన్నా 15 సెంటీమీటర్లకు కాస్త తక్కువ దూరం అదనంగా ప్రయాణిస్తుంది. అది అర తరంగదైర్ఘ్యంతో సమానమయ్యే చోట, అంటే సుమారు 1,170 హెర్ట్జ్ దగ్గర, రెండూ ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. మనిషి మాట స్పష్టతకు ముఖ్యమైన ప్రాంతం కనుక ఈ లోటు చెవికి ఇట్టే తెలుస్తుంది. చెవి ఉండే చోట పెట్టిన మైకును 10 సెంటీమీటర్లు పైకి జరిపితే ఆ లోయ 1,000 హెర్ట్జ్ దగ్గరకు దిగుతుంది. వూఫర్ లోపమైతే ఇలా మైకు వెంట జరగదు.

ఈక్వలైజర్‌తో (పౌనఃపున్యాలను విడివిడిగా పెంచే, తగ్గించే సాధనంతో) ఆ లోయను పూడ్చాలని చాలామంది చూస్తారు. 10 డెసిబెల్స్ పెంచడమంటే పది రెట్ల విద్యుత్ సామర్థ్యం పంపడం. నేరుగా వచ్చే శబ్దంతో పాటు ప్రతిఫలించేదీ అంతే పెరుగుతుంది కనుక రద్దు యథాతథంగా ఉంటుంది, వూఫర్ మాత్రం వేడెక్కుతుంది. పై అమరికలో శబ్దం బల్లను తాకే చోటు స్పీకరుకు సుమారు 19 సెంటీమీటర్ల ముందు ఉంటుంది. డబ్బాలను బల్ల ముందు అంచుకు జరిపితే ఆ చోటు బల్ల మీదే ఉండదు. పైసా ఖర్చు లేని ఈ మార్పు ముందు ఎంత ఖరీదైన ఈక్వలైజరైనా దిగదుడుపే అని నా అభిప్రాయం.

ఈక్వలైజర్ పనికిరాదని కాదు. మైకును ఎక్కడ పెట్టినా కదలకుండా నిలిచే ఉబ్బులను తగ్గించడానికి అది చక్కని సాధనం. 20 సెంటీమీటర్ల వెడల్పున్న ముందు పలక వల్ల 600 హెర్ట్జ్‌కు అటూ ఇటూ మొదలై కిందికి పోయేకొద్దీ 6 డెసిబెల్స్ దాకా చేరే తరుగుదలను కూడా దానితో సరిదిద్దవచ్చు. అయితే వెనుక గోడ కొంత తిరిగి ఇస్తుంది కనుక, నేను అందులో సగమే సవరించి మళ్ళీ కొలుస్తాను. పోర్టు శ్రుతికి దిగువన మాత్రం ఏమీ పెంచను. అక్కడ శంకువుకు డబ్బాలోని గాలి ఆసరా పోతుంది కనుక, ఆ భాగాన్ని, పై పౌనఃపున్యాలను మాత్రమే పోనిచ్చే హైపాస్ ఫిల్టర్‌తో కోసేసి వూఫర్‌ను కాపాడుకుంటాను.