అమ్మ చీరలు, నా వంకర కుట్లు

మూడు నెలల క్రితం మొదలుపెట్టిన బొంత నిన్న రాత్రికి పూర్తయింది. అమ్మ పాత నేత చీరలు నాలుగు, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో కొన్న దారం ఉండలు, కూకట్‌పల్లి ఫ్లాట్ బాల్కనీలో ఆదివారాలు. అంతే పెట్టుబడి.

పైన వేసింది పోచంపల్లి చీర. నేయకముందే నూలుకి ముడులు కట్టి రంగులద్దుతారు కాబట్టి తిరగేసినా డిజైన్ అలాగే ఉంటుంది. వెలిసిన వైపు లోపలికి పెట్టేశా, ఎవరికీ తెలియదు!

మొదటి వరుస చూసి అమ్మ, "ఇదేంటే, చీమలు తాగి నడిచినట్టుంది" అంది. విప్పమంటుందేమోనని టెన్షన్ పడ్డా. అనలేదు. సూదిలో దారం ఎక్కించబోయి, కళ్లు ఆనక నాకే ఇచ్చేసింది.

మధ్యలో పసుపు మరకున్న ముక్క ఒకటుంది. నా బారసాల నాటి చీరట. మరక కనపడేలాగే కుట్టాం.

ఇప్పుడు ఏసీ 18లో పెట్టుకుని మరీ కప్పుకుంటున్నా.