కాలని పెల్లెట్ల సంగతి బూడిదనే అడగాలి

కలప పొట్టును నొక్కి చేసిన చిన్న గుళికలను, అంటే పెల్లెట్లను, కాల్చి ఇంటిని వెచ్చబెట్టేది పెల్లెట్ బాయిలర్. దాని బూడిద ట్రేలో కాలని ఇంధనం కనబడగానే చాలామంది చెయ్యి కంట్రోలర్ మీదికి వెళ్తుంది. ఫ్యాన్ వేగం కాస్త పెంచుతారు, పెల్లెట్ల మోతాదు కాస్త తగ్గిస్తారు, కొన్నాళ్లు ఆగి ఇంకో అంకె మారుస్తారు. చివరికి ఏ మార్పు వల్ల ఏం జరిగిందో ఎవరికీ అంతుబట్టదు. నేను మెనూ జోలికి వెళ్లేముందు ట్రే దగ్గరికి వెళ్తాను. బాయిలర్ పూర్తిగా చల్లారాక ట్రేని వెలుతురులో పెట్టి, ఇనుప పుల్లతో బూడిదను కదిలిస్తూ తీరిగ్గా చూస్తాను.

సంచిలోంచి ఇప్పుడే తీసినట్లు లేత గోధుమ రంగులో, నున్నగా ఉన్న పెల్లెట్లు దొరికితే అవి మంటను చూడనే లేదు. వెలిగే దశలో ఏదో తప్పింది, లేదా పెల్లెట్లు మండే గిన్నెలో పడాల్సినవి అంచుకు తగిలి బయటికి దొర్లాయి. ఒక కొస నల్లబడి మరో కొస గోధుమ రంగులోనే ఉన్న ముక్కలు, వాటితోపాటు సన్నటి నల్ల రవ్వలు ఉంటే, గాలి ఎక్కువై ఎగిరిపడ్డాయేమోనని అనుమానిస్తాను. ఆకారం చెదరకుండా నల్లగా మారి, వేళ్ల మధ్య నలిపితే పొడి అయిపోయేవి మూడో రకం. అందరినీ ఎక్కువగా వేధించేవి ఇవే. నన్ను వేధించినవీ ఇవే.

ఆ నల్ల పెల్లెట్లు ఎలా తయారవుతాయో తెలిస్తే సగం పని అయినట్టే. ఎండు కలప బరువులో దాదాపు 80 శాతం వేడికి వాయువుగా మారి మంటగా మండుతుంది. మిగిలినది బొగ్గు. వాయువు ఇట్టే అంటుకుంటుంది కానీ బొగ్గుకు తీరిక కావాలి, కింది నుంచి గాలి కావాలి. బొగ్గు పూర్తిగా కాలకముందే పైనుంచి కొత్త పెల్లెట్లు వచ్చి తోస్తే, అది గిన్నె అంచు దాటి ట్రేలో పడిపోతుంది. అంటే పెల్లెట్లు ఎక్కువ పడుతుండాలి, లేదా గిన్నెలోకి గాలి తక్కువ వస్తుండాలి, లేదా రెండూ. మంట పెద్దగా, వెచ్చగా కనిపిస్తోందని మోసపోకూడదు. ముదురు నారింజ రంగులో బద్ధకంగా ఊగుతూ, కొసలు పొగలో కలిసిపోతున్న మంట గాలి చాలని మంటే.

నష్టం ఎంతో తేల్చుకోవడానికి బూడిదను తూకం వేయడం నాకు బాగా నచ్చిన పని. పెల్లెట్ల నాణ్యతకు యూరప్‌లో వాడే ఈఎన్‌ప్లస్ ప్రమాణం ప్రకారం ఏ1 రకం పెల్లెట్లలో బూడిద 0.7 శాతం మించకూడదు. 15 కిలోల సంచులు పది కాలిస్తే, అంటే 150 కిలోలకు, బూడిద కిలోకు కాస్త అటూఇటూగా ఉండాలి. నా ట్రేలో దానికి రెట్టింపు పైగా తేలింది. జల్లెడ పడితే పైన మిగిలినవన్నీ నల్ల ముక్కలే. బొగ్గు కిలోకు ఇచ్చే వేడి దాదాపు కిలోముప్పావు పెల్లెట్లు ఇచ్చే వేడికి సమానం. కాబట్టి జల్లెడ మీద కనిపించేదానికన్నా అసలు నష్టం పెద్దది.

మొదటి మందు శుభ్రత. గిన్నె అడుగున, పక్కల ఉన్న రంధ్రాలే గాలికి దారి. వాటిలో బూడిద కరిగి చిట్టెంలా గట్టిపడితే ఫ్యాన్ ఎంత తిరిగినా గాలి పైకి రాదు. పెల్లెట్లలో ఇసుక, మట్టి, బెరడు కలిస్తే బూడిద తక్కువ వేడికే కరుగుతుంది. పైపైన బ్రష్ తిప్పితే చాలదు. సరిపోయే మందపు తీగతో ఒక్కొక్క రంధ్రంలోనూ పొడిచి, గిన్నెను దీపానికి ఎదురుగా పట్టి ప్రతి రంధ్రంలోంచీ వెలుతురు వస్తోందో లేదో చూడాలి. ఆ తర్వాత వేడి మార్చే గొట్టాలు, పొగగొట్టం, ఫ్యాన్ రెక్కలు. రెక్కల మీద పేరుకున్న మసి కూడా గాలిని తగ్గిస్తుంది. మంటను కనిపెట్టే సెన్సర్ కంటికి మసి పట్టినా అది మంట లేదనుకుంటుంది, బాయిలర్ మళ్లీ వెలిగించే దశకు పోవచ్చు. పొడి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు.

శుభ్రం చేశాక నల్ల పెల్లెట్లు తగ్గాయి కానీ పోలేదు. అప్పుడు మోతాదు తూచాను. పెల్లెట్లను గిన్నెలోకి తోసే మరను ఆగర్ అంటారు. అది గ్రాములు లెక్కపెట్టదు, తిరిగిన సేపే లెక్కపెడుతుంది. ఈ సంగతి మనసులో ఉంచుకోవాలి. ఒక్కో తిప్పుకు ఎన్ని పెల్లెట్లు వస్తాయో వాటి పొడవు, సాంద్రత నిర్ణయిస్తాయి. అదే ఈఎన్‌ప్లస్ ప్రమాణం ప్రకారం సాంద్రత ఘనపు మీటరుకు 600 నుంచి 750 కిలోల దాకా ఉండవచ్చు, అంటే అదే సెట్టింగుతో బరువులో పాతిక శాతం దాకా తేడా. పొట్టి పెల్లెట్లు ఆగర్‌లో ఒత్తుగా సర్దుకుని ఇంకా ఎక్కువ పడతాయి.

నా బాయిలర్ 15 కిలోవాట్లది. కిలో పెల్లెట్లలో సుమారు 4.8 కిలోవాట్-గంటల శక్తి, బాయిలర్ సామర్థ్యం 90 శాతం అనుకుంటే పూర్తి శక్తికి గంటకు మూడున్నర కిలోలు చాలు, పది నిమిషాలకు 580 గ్రాములు. పెల్లెట్లు గిన్నెలోకి జారే గొట్టం విప్పి, ఆగర్ నిండేదాకా తిప్పి, తర్వాత పూర్తి శక్తి మోతాదులో పది నిమిషాల పాటు బకెట్లో పట్టి తూస్తే 700 గ్రాములు దాటింది. కొత్త బ్యాచ్ పెల్లెట్లు పాతవాటికన్నా బాగా పొట్టివి. మెనూలో మోతాదు తగ్గించాను. ట్రేలో నల్ల ముక్కలు దాదాపు సగమయ్యాయి.

మిగిలిన సగం కోసం పిలిచిన మెకానిక్ ఫ్యాన్ వేగం బాగా పెంచి వెళ్లాడు. మంట తెల్లగా, పొట్టిగా, కోపంగా మారింది, నిప్పురవ్వలు ఎగిరాయి. ట్రేలో నల్ల పెల్లెట్లు తగ్గిన మాట నిజమే. వాటికి బదులు సగం కాలిన తేలిక ముక్కలు గిన్నె చుట్టూ పడ్డాయి, పొగ ఉష్ణోగ్రత పెరిగింది. అవసరానికి మించిన గాలి వేడిని మోసుకుని చిమ్నీలోంచి బయటికి పోతుంది, కాలాల్సిన బొగ్గును కూడా గిన్నెలోంచి తోసేస్తుంది. గాలి తక్కువైనా, ఎక్కువైనా ట్రేలో ఇంధనం మిగులుతుంది కాబట్టే బూడిదను రంగు, ఆకారం చూసి చదవాలని ఇంతగా పట్టుబడుతున్నాను.

అసలు దోషం బూడిద తలుపు గాస్కెట్‌లో, అంటే తలుపు అంచున గాలి చొరబడకుండా వేసే పట్టీలో దొరికింది. పరీక్ష చాలా సులువు. చల్లారిన బాయిలర్ తలుపులో ఒక కాగితం ముక్క పెట్టి, తలుపు బిగించి, కాగితాన్ని లాగాలి. గట్టిగా పట్టుకోవాలి. నా తలుపు పైభాగంలో పట్టుకుంది, కింది మూలలో ఏ అడ్డూ లేకుండా జారి వచ్చేసింది. పొగను బయటికి లాగే ఫ్యాన్ ఉన్న బాయిలర్‌లో గాలి సులువైన దారినే ఎంచుకుంటుంది. తలుపు సందులోంచి లోపలికి రాగలిగితే, గిన్నె సన్న రంధ్రాలగుండా కష్టపడి ఎందుకు వస్తుంది? ఫ్యాన్ ఎంత పెంచినా అందులో పెద్ద వాటా సందుదే. పొగలో ఆక్సిజన్‌ను కొలిచే లాంబ్డా సెన్సర్ ఉన్న బాయిలర్లలో ఇది మరీ తప్పుదారి పట్టిస్తుంది. సందులోంచి వచ్చిన ఆక్సిజన్‌ను సెన్సర్ పొగలో చూసి గాలి ఎక్కువగా ఉందని చెబుతుంది, కంట్రోలర్ దాన్ని నమ్మి గిన్నెకు గాలి ఇంకా తగ్గిస్తుంది. కొత్త తాడు గాస్కెట్ వేసి, ఫ్యాన్‌ను పాత వేగానికి తెచ్చాక బూడిద లేత బూడిద రంగులో, మెత్తగా, తేలిగ్గా వచ్చింది.

పెల్లెట్ల తేమ గురించి ఒక్క మాట. తేమ 10 శాతం దాటకూడదు. సంచి తెరిచి కొన్నిటిని విరిచి చూడండి. పొడి పెల్లెట్ టక్కున విరుగుతుంది, చెమ్మగిల్లింది ఉబ్బి మెత్తగా చిట్లుతుంది. పెల్లెట్లు నిలవ ఉండే హాపర్ అడుగున పేరుకునే పొడిని అప్పుడప్పుడు ఖాళీ చేయాలి. ఆ పొడి గిన్నెలో పడి గాలి రంధ్రాలను కప్పేస్తుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా నల్ల ముక్కలు వస్తూనే ఉంటే, బాయిలర్ రోజుకు ఎన్నిసార్లు వెలిగి ఆరుతోందో చూడాలి. ప్రతి ఆరంభంలోనూ, ప్రతి ముగింపులోనూ గిన్నె చల్లగా ఉంటుంది, కాల్చడం అరకొరగా సాగుతుంది. ఇంటి అవసరానికి మించిన బాయిలర్, నీటి ఉష్ణోగ్రతలో మరీ చిన్న తేడాకే మళ్లీ వెలిగేలా పెట్టిన సెట్టింగు, వేడి నిలవ చేసే ట్యాంకు లేకపోవడం, ఈ మూడూ దీనికి కారణాలు. సెట్టింగును సడలించడం మన చేతిలో పని, నేనైతే అక్కడే మొదలుపెడతాను.

ఇక వెలగకుండా ఆగిపోయిన బాయిలర్‌ను గిన్నె నిండా కాలని పెల్లెట్లతో మళ్లీ స్టార్ట్ చేయకండి. అవి పొగలు కక్కి, లోపల నిండిన వాయువు ఒక్కసారిగా అంటుకుంటే తలుపు ఎగిరిపోయేంత పేలుడు జరగవచ్చు. ముందు గిన్నె ఖాళీ చేయాలి, తర్వాత మంట అంటించే ఇగ్నైటర్ సంగతి చూడాలి. ట్రేలోంచి ఏరిన ముక్కలు ఎంత బాగున్నా తిరిగి హాపర్‌లో పోయవద్దు. నివురుగప్పిన నిప్పు ఒక్కటున్నా చాలు. వాటిని మూత ఉన్న ఇనుప డబ్బాలో, గోడలకూ కలపకూ దూరంగా ఉంచాలి. బాయిలర్ గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పకుండా ఉండాలి, ఎందుకంటే బొగ్గు మిగిల్చే మంట ఆ వాయువును కూడా ఎక్కువగా వదులుతుంది.