క్రియాటినిన్ ఎంత?

శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానంలో ఎవరైనా నడుము నొప్పి అంటే చాలు, ఎదుటివాళ్లు “క్రియాటినిన్ ఎంత?” అని అడుగుతారు. కిడ్నీలు సరిగా వడకట్టకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం అది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు... ఎటు వెళ్లినా కిడ్నీ జబ్బు మాటే. దానికి కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇప్పటికీ తేల్చలేదు. అందుకే పోయిన వేసవిలో అర్ధరాత్రి ఎడమ నడుములో పోటు లేచినప్పుడు నొప్పి కంటే భయమే ఎక్కువైంది.

నేను పలాసలో జీడిపప్పు పరిశ్రమలో బాయిలర్ దగ్గర పనిచేస్తాను. మే నెలలో అక్కడ తాగిన నీళ్లన్నీ చెమటకే పోతాయి. మిగిలిన కాస్త మూత్రం చిక్కబడి, అందులోని లవణాలు గడ్డకడతాయి.

ఆ నొప్పి కూర్చోనివ్వదు, పడుకోనివ్వదు. నడుము పక్కన మొదలై గజ్జల్లోకి దిగుతుంది, కాసేపు ఊరుకుని మళ్లీ లేస్తుంది. వాంతులు సరేసరి. మంచం కోడు పట్టుకుని నేల మీద దొర్లుతుంటే, “బాబూ, ఇది ఆ జబ్బేనా?” అని మా అమ్మ ఒకటే ఏడుపు.

స్కానింగులో తేలింది 5 మిల్లీమీటర్ల రాయి. ఎడమ మూత్రనాళం మూత్రాశయంలో కలిసే చోట ఇరుక్కుంది. క్రియాటినిన్ 0.9, అంటే మామూలే. ఆ అంకె విన్నాకే అమ్మ కొత్తమ్మ తల్లికి మొక్కుకుని కన్నీళ్లు తుడుచుకుంది.

మూత్రం దానంతటది కిందికి జారిపోతుందనుకునేవాణ్ణి. కాదట. పాతిక, ముప్పై సెంటీమీటర్ల ఆ నాళం అలలు అలలుగా ముడుచుకుంటూ తోస్తేనే దిగుతుంది. నాళం లోపలి దారి మూడు నాలుగు మిల్లీమీటర్లే. మూత్రాశయం దగ్గర ఇంకా ఇరుకు. రాయి అడ్డుపడితే పైన మూత్రం నిలిచి నాళమూ కిడ్నీ ఉబ్బుతాయి. ప్రాణం తీసే పోటు ఆ ఉబ్బుదే.

ఉద్దానం జబ్బు తీరు వేరు. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల వడపోత గొట్టాలుంటాయి. రెండూ కలిసి రోజుకు 180 లీటర్లు వడకట్టి, దాదాపు అంతా తిరిగి రక్తంలోకి పంపి, లీటరున్నరో రెండో బయటికి వదులుతాయి. ఈ గొట్టాలు చచ్చిపోతుంటే నొప్పి ఉండదు. పనితనం సగం పోయేదాకా క్రియాటినిన్ కూడా పెరగకపోవచ్చు. మా చిన్నాన్న ఏనాడూ నడుము పట్టుకుని కూర్చోలేదు. కాళ్లు వాచాక చూపిస్తే అప్పటికే డయాలసిస్ అన్నారు.

నాకు నొప్పికి ఇంజెక్షను, నాళాన్ని సడలించే మాత్రలు ఇచ్చి, నీళ్లు బాగా తాగమన్నారు. మా అత్త కొండపిండి ఆకు పప్పు వండి పంపింది. రుచికి వంక పెట్టలేను. రాయిని కరిగిస్తుందని మాత్రం ఒప్పుకోను. కొన్నాళ్లకు, మూత్రం వడగట్టడానికి పెట్టుకున్న టీ జాలిలో టక్కుమని పడింది రాయి. గోధుమ రంగు, ఒళ్లంతా ముళ్లు. పరీక్షిస్తే కాల్షియం ఆక్సలేట్ అన్నారు. ఇక పాలు, పెరుగు మానేయాలేమో అనుకుంటే డాక్టరు మానొద్దన్నారు: తిండిలోని కాల్షియమే ఆక్సలేటును పేగుల్లో పట్టేసి, మూత్రంలోకి రాకుండా ఆపుతుందట. తగ్గించమన్నది ఉప్పు. ఎండుచేపలు, ఆవకాయ దగ్గర నాకు కష్టమొచ్చింది.

ఇప్పుడు బాయిలర్ పక్కన మా యజమాని నీళ్ల క్యాను పెట్టించాడు. పప్పు పొట్టు తీసే ఆడవాళ్లు మాత్రం దాని జోలికి రారు. షెడ్డులో ఉన్న ఒక్క మరుగుదొడ్డికీ గడియ లేదు. యజమానికి చెప్పాను. చూద్దామన్నాడు.