రాగి కలిసిన ఉప్పునీటిలో కణవిభజన: నా ప్రాజెక్టు అనుభవం

హనుమకొండలో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతూ నేను సముద్రజీవులపై ప్రాజెక్టు ఎంచుకున్నప్పుడు "మన భద్రకాళి చెరువుల లేని పురుగులు సముద్రంల ఏమున్నయి బిడ్డా" అని నాన్న నవ్వాడు. అయితే కాలుష్యం కణవిభజనను ఎక్కడ అడ్డుకుంటుందో కంటితో చూడడానికి సీ అర్చిన్ (ఒళ్లంతా ముళ్లుండే గుండ్రని సముద్రజీవి) అండాలే అనువైనవి. అవి లక్షల్లో దొరుకుతాయి, ఫలదీకరణ శరీరం వెలుపలే జరుగుతుంది, పైగా అన్నీ దాదాపు ఒకేసారి విభజన చెందుతాయి. కణవిభజనను నడిపించే సైక్లిన్ అనే ప్రోటీన్‌ను 1982లో శాస్త్రవేత్త టిమ్ హంట్ గుర్తించింది వీటిలోనే.

ప్రయోగం విశాఖపట్నంలో చేశాను. 0.5 మోలార్ పొటాషియం క్లోరైడ్‌ను నోటి చుట్టూ ఉండే మెత్తని పొరగుండా ఎక్కించి, ఆడజీవిని సముద్రపు నీటి బీకరుపై బోర్లిస్తే, ఐదు రంధ్రాల నుంచి అండాలు సన్నని ధారలుగా దిగుతాయి. శుక్రకణాలు కలిపిన నిమిషం, రెండు నిమిషాల్లో ప్రతి అండం చుట్టూ ఫలదీకరణ త్వచం ఉబ్బి లేస్తుంది.

అసలు చిక్కు ఆ తరువాతే మొదలైంది. రాగి కలిపిన గిన్నెల్లోనూ చాలా అండాలకు త్వచం లేచింది, కానీ విభజన సాగలేదు. కొన్నింటిలో కేంద్రకాలు రెండైనా కణద్రవ్యం చీలలేదు, మరికొన్ని చిన్నాపెద్దా ముక్కలయ్యాయి. రాగి, పాదరసం వంటి లోహాలు ప్రోటీన్లలోని సల్ఫర్ సమూహాలను పట్టుకుంటాయి. విభజన వేళ క్రోమోజోములను రెండు వైపులకు లాగే కండె పోగులకు ఆధారమైన ట్యూబులిన్ అనే ప్రోటీన్‌లోనూ ఆ సమూహాలు ఉన్నాయి. కానీ శుక్రకణాలు మోతాదు మించినా, ఒకటికి మించి లోపలికి దూరి, అండం ఒక్కసారే మూడు నాలుగు కణాలుగా చీలుతుంది. అందుకే రాగి లేని గిన్నెలో తొంభై శాతానికి పైగా అండాలు సవ్యంగా రెండుగా చీలితే తప్ప ఆ విడత లెక్కలను నేను నమ్మలేదు.

ఫార్మలిన్‌లో స్థిరపరచిన నమూనాలను హనుమకొండ తెచ్చుకొని మైక్రోస్కోపు కింద లెక్కించాను. చాలా నివేదికల్లో కనిపించే 'అసాధారణం' అనే ఒకే గడి నాకు నచ్చలేదు, ఎందుకంటే ఆలస్యంగా చీలేదీ వంకరగా చీలేదీ ఒకటి కావు. వేర్వేరు గడులు గీశాను. ఏ సీసాలో ఎంత రాగి ఉందో నాకు తెలియకుండా మా జూనియర్ చేత చీటీలపై కాగితం అంటింపించి, లెక్క పూర్తయ్యాకే విప్పాను.