పాత బ్యాక్‌హోకి ఇంటి దగ్గరే రిపేరు: పనిముట్లు ఎలా ఎంచుకున్నాను

సెకండ్ హ్యాండ్ బ్యాక్‌హో (ముందు బకెట్, వెనక తవ్వే చెయ్యి ఉన్న బండి) కొన్నానని తెలియగానే అందరూ ఇచ్చిన సలహా ఒకటే: పెద్ద టూల్ బాక్స్ తెచ్చేసుకో, అన్నీ అందులోనే ఉంటాయి. నేను తేలేదు. ఆ బాక్సుల్లో ఎక్కువ భాగం 10, 12, 13 సైజు సాకెట్లే, కార్లకు బాగుంటాయి. ఏడెనిమిది టన్నుల బండిలో మనిషిని ఏడిపించే నట్లు 24 దగ్గర మొదలై పైకి పోతాయి. అందుకని ముందు బండి చుట్టూ తిరిగి దాని రోగాలు కాగితం మీద రాసుకున్నాను. డిప్పర్, అంటే బూమ్ అనే పెద్ద చేతికీ బకెట్‌కీ మధ్యనున్న చెయ్యి, దాన్ని నడిపే సిలిండర్ రాడ్ దగ్గర ఆయిల్ కారుతోంది, పైగా డిప్పర్‌కి తవ్వే బలం తగ్గింది. బకెట్ పిన్నులు లొడలొడలాడుతున్నాయి. హోస్‌లు కొన్ని తడితడిగా ఉన్నాయి. ఈ కాగితంలో ఏదో ఒక లైనుకి పనికిరాని పనిముట్టు కొనకూడదనుకున్నాను.

డబ్బు ముందుగా పెట్టింది బరువు మోసేవాటి మీద. 20 టన్నుల బాటిల్ జాకీ, బరువు పరిమితి ముద్రించి ఉన్న స్టాండ్లు, మందపాటి గట్టి చెక్క దిమ్మెలు. జాకీ పని ఎత్తడం వరకే, ఎత్తాక బరువు దిమ్మెల మీదో స్టాండ్ల మీదో కూర్చోవాలి. ఇటుకలు, సిమెంటు బ్లాకులు పెట్టేవాళ్లను చూశాను. అవి వంగి హెచ్చరించవు, ఒక్కసారిగా పగులుతాయి. బండి వెనక కాళ్లు దించి ఎత్తాం కదా అన్న ధీమా కూడా వద్దు, వాటిని పట్టుకున్నదీ ఆయిలే. ముందు బకెట్ చేతుల్ని ఎత్తి ఉంచి పని చేయాలంటే ఆ సిలిండర్ రాడ్ మీద ఇనుప సేఫ్టీ లాక్ పడాల్సిందే. పాత బండ్లలో ముందు మాయమయ్యేది కూడా అదే.

తర్వాత కొలిచేవి. వెర్నియర్ కాలిపర్, మర కొలిచే గేజు, 400 బార్ వరకు చూపించే ప్రెషర్ గేజు. డిప్పర్ బలం తగ్గిందనగానే పంపు పోయిందన్నవాళ్లే ఎక్కువ. పాతకాలపు మెకానిక్ ఒకాయన మాత్రం "గేజు పెట్టకుండా పంపు మీద చెయ్యి వెయ్యకు బాబూ" అన్నాడు. టెస్ట్ పోర్టులో గేజు బిగించి, బూమ్‌నీ బకెట్‌నీ చివరిదాకా తెచ్చి లివర్ పట్టుకుంటే ముల్లు మాన్యువల్‌లో రాసిన అంకె దగ్గరికి వచ్చింది. డిప్పర్‌కి మాత్రం కిందే ఆగిపోయింది. పంపు, ప్రెషర్ హద్దు దాటకుండా ఆపే మెయిన్ రిలీఫ్ వాల్వు బాగున్నాయన్నమాట. అనుమానం డిప్పర్ సిలిండర్ లోపలి సీళ్ల మీదికి వెళ్లింది, విప్పి చూస్తే అక్కడే తేలింది. పంపు ఖరీదు తలుచుకుంటే ఆ గేజు ఉచితంగా వచ్చినట్టే.

పానాల దగ్గర అసలు తలనొప్పి ఇంచీలు, మిల్లీమీటర్లు కలిసిపోవడం. చేతులు మారిన పాత బండిలో రెండూ ఉంటాయి. ముప్పావు ఇంచీ అంటే 19.05 మిల్లీమీటర్లు, అక్కడ 19 పానా గట్టిగానైనా ఎక్కుతుంది. అర ఇంచీ 12.7. దానిమీద 13 పానా వేసి బలంగా తిప్పితే బోల్టు తల గుండ్రం అవుతుంది. అందుకే కాలిపర్‌తో కొలిచి, బండిలో నిజంగా ఉన్న సైజులే విడిగా కొన్నాను. ముప్పావు ఇంచీ డ్రైవ్ (రాట్చెట్ తగిలే చదరపు మొన కొలత), ఆరు మూలల సాకెట్లు. పన్నెండు మూలలవి తుప్పు పట్టిన నట్టు మీద జారతాయి. మీటరు పొడవు పైపు తొడిగి 60 కిలోల మనిషి వేలాడితే దాదాపు 590 న్యూటన్ మీటర్లు పడుతుంది, అర ఇంచీ రాట్చెట్ దానికి పుట్టలేదు.

సిలిండర్ విప్పే ముందు డిప్పర్, బూమ్, బకెట్ అన్నీ నేలమీద ఆనించి, ఇంజన్ ఆపి, లివర్లన్నీ అటూ ఇటూ కదిపి, ట్యాంకు మూత మెల్లగా వదులు చేయాలి. లోపల మిగిలిన ప్రెషర్‌ని తేలిగ్గా తీసుకోవద్దు: 100 మిల్లీమీటర్ల పిస్టన్ మీద 200 బార్ అంటే సుమారు 16 టన్నుల తోపు. ఇక సిలిండర్ మూతి దగ్గరి గ్లాండ్ నట్టు. నా సైజుకి కొక్కెం పానా దొరకలేదు. పైపు రించి వేస్తే తిరుగుతుందేమో కానీ పళ్ల గాట్లు పడతాయి, ఉలి పెట్టి కొట్టడం ఇంకా దారుణం. నట్టు మీద రంధ్రాల దూరం కొలిచి, మందపాటి ఇనుప పట్టీకి రెండు పిన్నులు వెల్డింగ్ చేయించాను. నా దగ్గరున్న పనిముట్లలో అన్నిటికంటే మొరటుగా కనిపించేది అదే, నాకు ఇష్టమైనదీ అదే. లోపలి పిస్టన్ నట్టు బిగింపు మాత్రం బిగింపు బలం చూపే నా టార్క్ రించి పరిధి దాటింది. రాడ్‌ని వర్క్‌షాపుకి తీసుకెళ్లి బిగించుకొచ్చాను.

బకెట్ పిన్నులకు పెద్ద సమ్మెట కావాలి, కానీ దాన్ని నేరుగా పిన్ను మీద కొట్టకూడదు. గట్టిపరిచిన ఉక్కుమీద ఉక్కు పడితే పెచ్చు బుల్లెట్‌లా లేస్తుంది. మధ్యలో ఇత్తడి కడ్డీ, కళ్లకు అద్దాలు. బకెట్ బరువు పిన్ను మీద లేకుండా దిమ్మెలు సర్దితే సగం పని అక్కడే అయిపోతుంది.

హోస్‌లకు నేను కొన్నవి రెండు ఓపెన్ పానాలు, మూతులు మూసే ప్లగ్గులు. హోస్ చివర ఫిట్టింగ్ నొక్కి బిగించే క్రింపింగ్ మెషిన్ ఆలోచనే పెట్టుకోలేదు. పాత హోస్ పట్టుకెళ్తే దుకాణంలో అదే పొడవు, అదే మర చూసి కట్టిస్తారు. లీకు వెతకడానికి అట్టముక్క చాలు, చెయ్యి పెట్టొద్దు. సూదిమొన రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలాగే కనిపిస్తుంది కానీ వెంటనే ఆపరేషన్ అవసరమయ్యే గాయం అది.

పిన్ను తిరిగే గొట్టపు ముక్కలైన బుష్‌లు కూర్చునే రంధ్రాలు కోడిగుడ్డు ఆకారానికి వస్తే లైన్ బోరింగ్ చేయాలి, అంటే వాటిని మళ్లీ గుండ్రంగా, ఒకే వరసలో కోయాలి. ఆ మెషిన్ కొనను, చేసేవాళ్లనే బండి దగ్గరికి పిలుస్తాను. ప్రస్తుతానికి కొత్త పిన్నులు, బుష్‌లు, పక్కన సందుకి షిమ్‌లతో (పల్చటి రేకు బిళ్లలతో) నడుస్తోంది. గ్రీజు గన్ మాత్రం గట్టిది తీసుకున్నాను, రోజూ చేతిలోకి వచ్చేది అదొక్కటే.