రెండు వయొలిన్లు, నాలుగు ట్రాకులు

ఇంగ్లండు బ్యాండ్ బీటిల్స్ తమ మొదటి ఆల్బమ్‌లో ఎక్కువ పాటల్ని 1963 ఫిబ్రవరిలో ఒక్క రోజులోనే రికార్డు చేసేశారు. అందరూ ఒకచోట చేరి వాయించారు, పాడారు, అది రెండు ట్రాకుల టేపు మీదకెక్కింది. ట్రాకంటే టేపు మీద విడిగా రికార్డు చేసుకోగలిగే ఒక వరస. నాలుగేళ్లు తిరక్కుండానే, లండన్ అబ్బీ రోడ్‌లో ఉన్న అదే ఈఎంఐ రికార్డింగ్ కంపెనీ స్టూడియోలో 'సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్' అనే ఆల్బమ్ మొదలుపెట్టారు. దానికి 1966 నవంబరు నుంచి 1967 ఏప్రిల్ దాకా పట్టింది. అప్పటికి చేతిలో ఉన్నవి నాలుగు ట్రాకుల మెషిన్లు. ఇవాళ మా పిల్లల ఫోన్లలో ఉచితంగా వచ్చే యాప్‌లో కూడా అంతకంటే ఎక్కువ ట్రాకులుంటాయి.

నాలుగూ నిండిపోతే ఏం చేసేవారంటే, వాటన్నిటినీ కలిపి ఇంకో మెషిన్ మీద ఒకటి రెండు ట్రాకుల్లోకి దించేవారు. అలా ఖాళీ అయిన ట్రాకుల మీద కొత్త వాద్యాలు, కొత్త గొంతులు. దీన్ని బౌన్సింగ్ అంటారు. అయితే దించిన ప్రతిసారీ టేపు రొద కొంచెం పెరుగుతుంది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. ఒకసారి కలిపేశాక డ్రమ్స్ ఎక్కువయ్యాయనో గిటార్ తగ్గిందనో అనిపించినా మళ్లీ విడదీయలేరు. అందుకే నిర్మాత జార్జ్ మార్టిన్, ఇంజనీర్ జెఫ్ ఎమెరిక్ ఇంకా వాయించని వాద్యాన్ని కూడా మనసులో వింటూ ఆ పాళ్లు ముందే నిర్ణయించాల్సి వచ్చేది. ఈ ఆల్బమ్ గొప్పతనంలో సగం ఆ నిర్ణయాలదే అని నా నమ్మకం.

మేం ఉండేది లండన్ శివార్లలో. మా అమ్మాయికి పదమూడేళ్లు, దానికి రెండు వయొలిన్లున్నాయి. ఒకటి స్కూల్ ఆర్కెస్ట్రాకి, పాశ్చాత్య పద్ధతిలో జి-డి-ఎ-ఇ శ్రుతిలో. రెండోది స-ప-స-ప శ్రుతిలో, వారాంతంలో ఆన్‌లైన్ కర్ణాటక క్లాసుకి. మొదటిది నిలబడి, గడ్డం కింద పెట్టుకుని వాయిస్తుంది. రెండోదానికి చాప మీద కూర్చుని, వయొలిన్ తలని కుడికాలి చీలమండకి ఆనిస్తుంది. స్కూల్లో సార్ "వేలు జారనివ్వకు, స్వరం మీద కచ్చితంగా దిగు" అంటారు. ఆన్‌లైన్ మేడమ్‌ది "స్వరాన్ని అలా మొండిగా నిలబెట్టకమ్మా, గమకం ఏదీ?" అన్న ప్రశ్న. గమకమంటే స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం. ఈ రెండూ ఒకే ఎడమచేతి వేళ్లకి చెప్పే మాటలు. మా వాళ్లు కొందరు "ఏదో ఒకటి గట్టిగా నేర్పించండి, రెండు పడవల మీద కాళ్లెందుకు?" అని సలహా ఇచ్చారు.

నేను మా అమ్మాయికి వినిపించింది ఆ ఆల్బమ్‌లోని 'వితిన్ యూ వితౌట్ యూ'. బీటిల్స్‌లో ఒకడైన జార్జ్ హారిసన్ అంతకుముందే ఇండియా వచ్చి రవిశంకర్ దగ్గర సితార్ నేర్చుకుని వెళ్లాడు. 1967 మార్చి 15న, ఏషియన్ మ్యూజిక్ సర్కిల్ అనే సంస్థ ద్వారా వచ్చిన, లండన్‌లో స్థిరపడిన భారతీయ కళాకారులు తంబురా, తబలా, కమానుతో వాయించే తీగల వాద్యం దిల్‌రుబా వాయించారు. మిగతా ముగ్గురు బీటిల్స్ ఈ పాటలో లేరు. ఆల్బమ్ అట్ట మీద ఈ వాద్యకారుల పేర్లు లేవు. ఈ దేశంలో ఉంటున్న మనలాంటి వాళ్లు చేసిన పని ఇది. వాళ్ల పేర్లు దశాబ్దాల పాటు ఎవరికీ తెలియలేదన్నది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

తర్వాత ఏప్రిల్ 3న ఎనిమిది వయొలిన్లు, వయొలిన్ కుటుంబంలోనే పెద్ద వాద్యాలైన చెల్లోలు మూడు వచ్చాయి. నోట్స్ చూసి వాయించడంలో ఆరితేరినవాళ్లు వాళ్లంతా. వాళ్లు అనుసరించాల్సింది మాత్రం టేపు మీద అప్పటికే ఉన్న దిల్‌రుబాని. అది స్వరం నుంచి స్వరానికి జారుతూ పోతుంది, లయ కూడా గడియారంలా నడవదు. జార్జ్ మార్టిన్ ఆ జారుళ్లను కూడా స్కోరులో, అంటే వాళ్లు చూసి వాయించే స్వరలిపిలో, రాసిచ్చాడు. పాట మధ్యలో దిల్‌రుబా ఒక వరస వాయిస్తే వయొలిన్లు బదులిచ్చే చోటుంది. అక్కడ మా అమ్మాయి పాట ఆపి, వెనక్కి తిప్పి మళ్లీ విన్నది. "అమ్మా, వీళ్లు కూడా వేలు జారుస్తున్నారు" అంది.

అందరూ ఒకేసారి ఒకే గదిలో కూర్చుని ఉంటే ఎవరో ఒకరు తగ్గాల్సి వచ్చేదేమో. వేరే ట్రాకులు కాబట్టి దిల్‌రుబా తన దారిలో ముందే వాయించి పెట్టింది, వయొలిన్లు తర్వాత వచ్చి దాన్ని విని నేర్చుకున్నాయి. పిల్లల విషయంలో నేను పట్టుకున్నది ఇదే. రెండిటినీ తొందరపడి ఒక ట్రాకులోకి దించెయ్యకూడదు. పాళ్లు నేను నిర్ణయించి కలిపేస్తే, రేపు మా అమ్మాయి పెద్దదై వేరే పాళ్లు కావాలనుకుంటే విడదీసుకోవడానికి ఏమీ మిగలదు. 2017లో ఈ ఆల్బమ్ యాభయ్యేళ్ల సందర్భంగా జార్జ్ మార్టిన్ కొడుకు గైల్స్ మార్టిన్ కొత్తగా మిక్స్ చేయగలిగాడంటే, బౌన్స్ చేయకముందు టేపుల్ని స్టూడియో పారెయ్యకుండా దాచిపెట్టింది కనకనే. తండ్రి కలిపినదాన్ని పక్కన పెట్టి, ఆ విడివిడి టేపుల్ని కొడుకు తన చెవితో మళ్లీ కలిపాడు.

'వితిన్ యూ వితౌట్ యూ' పాట హిందుస్తానీ సంగీతంలో ఖమాజ్ థాట్ అనే స్వరాల వరసలో ఉంటుంది. స్కూల్ సార్ దాన్ని పాశ్చాత్య సంగీతంలో మిక్సోలిడియన్ అంటారని చెప్పారట. అవే స్వరాలు మన హరికాంభోజి రాగానివి. విజయవాడలో ఉన్న మా అమ్మకి ఈ సంగతి చెప్పగానే "అయితే త్యాగరాజస్వామి 'రామ నన్ను బ్రోవరా' అందులోదే కదే తల్లీ" అని మనవరాలికి ఫోన్‌లోనే పాడి వినిపించింది.

ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో మొదటి ట్రాకు అమ్మమ్మ. మొదటిసారి పంపిన దాంట్లో కుక్కర్ విజిల్ పడిందని మా అమ్మాయి రెండోసారి అడిగి పాడించుకుంది. రెండో ట్రాకు వయొలిన్, అమ్మమ్మ షడ్జానికి శ్రుతి చేసుకుని. అమ్మమ్మ ఊపిరి తీసుకునే చోట్లన్నీ నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకుంది. మూడో ట్రాకు మీద తమ్ముడు డ్రమ్ ప్యాడ్ వాయిస్తానంటున్నాడు. వాడికి లయ కోసం గడియారంలా టిక్ టిక్‌మనే క్లిక్ కావాలి, అమ్మమ్మ పాట క్లిక్‌కి నిలవదు. పాటని సాగదీసి క్లిక్‌కి సరిపెట్టే బటన్ సాఫ్ట్‌వేర్‌లో ఉంది, దాన్ని నొక్కడానికి మా అమ్మాయి ససేమిరా అంటోంది. శనివారం వాడే ఫోన్‌లో అమ్మమ్మ దగ్గర తాళం వేయడం నేర్చుకోవాలట.