మూతి నొక్కితే మందం ఎక్కడికి పోతుంది?

మొన్న పర్లాకిమిడిలో మా మావయ్య పాత పనికొట్టంలో కూర్చుని, టెక్సాస్‌లో ఉన్న నాలుగేళ్లలో నేర్చుకున్న ఒక పనిని ఆయనకి సుద్దముక్కతో నేల మీద గీసి చూపించాను. ఒకసారి కాల్చేసిన రైఫిల్ తూటా ఇత్తడి గుల్లని తీసుకుని, దాని మూతిని డైలో, అంటే కావలసిన కొలతకి చేసిన ఉక్కు అచ్చులో, పెట్టి నొక్కి, ఇంకాస్త సన్నని బుల్లెట్ పట్టే గుల్లగా మార్చడం. ఆయన నలభై ఏళ్లు ఇత్తడి చెంబులూ బిందెలూ కొట్టిన మనిషి, తుపాకీ ఎన్నడూ ముట్టుకోలేదు. నేను బొమ్మ పూర్తి చేయకముందే అడిగాడు, "సరే అల్లుడూ, మూతి నొక్కేసినావు. మరి ఆ మందం ఏటైపోనాది?"

నాకు ఆ ప్రశ్న అంత సులువుగా తట్టలేదు. ఇరవై గుల్లలు, ఒక ఆదివారం ఉదయం పడ్డ టెన్షన్ అయ్యాకే తెలిసింది.

అక్కడ మా పక్కింటాయనకి 243 అనే రకం తూటా వాడే రైఫిల్ ఉండేది. దానికి కొత్త గుల్లలు కొన్ని నెలలు దొరకలేదు, 308 అనే ఇంకో రకం తూటా గుల్లలు మాత్రం బకెట్ నిండా ఉన్నాయి. 308 వచ్చింది 1952లో, దాన్నే సన్నం చేసి 243ని తెచ్చింది 1955లో. కాబట్టి అడుగు భాగం ఒకటే, ఒళ్లు దాదాపు ఒకటే, తేడా అంతా మెడ దగ్గరే. ఒకదానిలో బుల్లెట్ వ్యాసం 7.82 మిల్లీమీటర్లు, ఇంకోదానిలో 6.17. ఒకటిన్నర మిల్లీమీటరు పైచిలుకు, అంతే కదా, ఒక్క నొక్కు నొక్కితే పోతుందనుకున్నాను. ఆయన ఊళ్లో లేని రోజు నేనే ప్రెస్ దగ్గర కూర్చుని ఇరవై గుల్లలు ఒకేసారి 243 డైలోకి తోసేశాను. లూబ్ (డైలో జారడానికి రాసే నూనె) ఎక్కువైన చోట గుల్ల భుజం మీద, అంటే ఒళ్లు మెడగా సన్నబడే చోట, సొట్టలు పడ్డాయి, నూనెకి పోవడానికి దారి లేకపోతే అదే ఇత్తడిని లోపలికి నొక్కేస్తుంది. మూడింటికి మూతి నిలువుగా చీలింది. మిగిలినవి చూడ్డానికి బాగున్నాయి కదా అని పొడవు సరిచేసి, అయిదు తూటాలు కట్టేశాను.

ఆదివారం షూటింగ్ రేంజ్‌లో మొదటి తూటా పెట్టి బోల్ట్ (తూటాని లోపలికి తోసి వెనక మూసే కడ్డీ) మూస్తే చివర్లో బిగుసుకుంది. ఇంకాస్త గట్టిగా నొక్కబోతుంటే ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపేశారు. తూటా బయటికి తీసి మెడ కొలిస్తే 7.05 మిల్లీమీటర్లు. 243 తూటాకి మెడ దగ్గర గరిష్ఠ కొలత 7.01. ఛాంబర్, అంటే రైఫిల్ లోపల తూటా కూర్చునే చోటు, ఆ కొలత కంటే వెంట్రుకవాసి మాత్రమే పెద్దగా ఉంటుంది. మందు పేలగానే గుల్ల మెడ కొద్దిగా విచ్చుకుని బుల్లెట్‌ని వదలాలి. విచ్చుకోవడానికి చోటే లేకపోతే బుల్లెట్ బిగుసుకుంటుంది, వెనక ఒత్తిడి హద్దు లేకుండా పెరుగుతుంది. ఆ తూటాకి మామూలుగా అనుమతించే గరిష్ఠ ఒత్తిడే చదరపు అంగుళానికి 60,000 పౌండ్లు, అదీ మన చెంపకి జానెడు దూరంలో. అయిదు తూటాలూ విప్పేసి మందు వేరు చేసేదాకా నా చేతుల వణుకు తగ్గలేదు.

మావయ్య అడిగింది సరిగ్గా ఇదే. చెంబు మెడ సన్నం చేసేటప్పుడు చుట్టుకొలత తగ్గుతుంది, లోహం ఎక్కడికీ పోదు, కొంత పొడవుకి వెళ్తుంది, మిగిలింది అక్కడే మందంగా పేరుకుంటుంది. మెడ దగ్గర గోడ మందం 0.38 మిల్లీమీటర్లు ఉండాల్సింది నా గుల్లల్లో 0.44కి వచ్చింది. ఒక్కో పక్క 0.06, కాగితం మందం కూడా లేదు. రెండు పక్కలా కలిస్తే చాలు, తూటా లోపల ఇరుక్కోడానికి.

టెక్సాస్‌లో ఆ ఆదివారం తర్వాత పక్కింటాయన దగ్గర కూర్చుని మళ్లీ మొదటి నుంచి చేశాను. ఈసారి 308 నుంచి ముందు 7.21 మిల్లీమీటర్ల బుల్లెట్ పట్టే డై, ఆ తర్వాత 6.71, చివరికి 6.17. మూడు మెట్లు. లూబ్ వేలికి అంటీ అంటనట్టు. నొక్కిన తర్వాత మెడ బయటి వైపు చిన్న కట్టర్‌తో చుట్టూ గీకి గోడని 0.36కి తెచ్చాం. బుల్లెట్ పెట్టి కొలిస్తే 6.89. కొలత సరిపోయాక కూడా మందు పోయకుండా ఉత్త బుల్లెట్ పెట్టిన డమ్మీతోనే ముందు బోల్ట్ మూసి చూశాం. ఎవరు ఎంత చెప్పినా ఈ డమ్మీ దాటేసి ముందుకు వెళ్లొద్దని నా మాట.

మూతులు చీలడానికి కారణం వేరే. తూటా ఇత్తడిలో డెబ్బై వంతులు రాగి, ముప్పై వంతులు జింకు. చల్లగా ఉన్నప్పుడు నొక్కే కొద్దీ, సాగదీసే కొద్దీ అది గట్టిపడుతుంది, ఆ తర్వాత పెళుసవుతుంది. ఇది చెప్పబోతుంటే మావయ్య మూలనున్న సగం కొట్టిన బిందె చూపించాడు. "దెబ్బ మోత మారిందంటే కొలిమిలో పెట్టాల. పెట్టకపోతే అంచు చీలిపోద్ది." ఎర్రగా కాల్చి నీళ్లలో వేస్తే ఇత్తడి మెత్తబడుతుంది, ఉక్కులా గట్టిపడదు. తూటాకీ అదే వైద్యం. కానీ బిందె మొత్తాన్నీ కాల్చినట్టు గుల్ల మొత్తాన్నీ కాల్చకూడదు. ఒత్తిడిని ఆపేది అడుగు భాగమే, అది గట్టిగానే ఉండాలి. అందుకని పళ్లెంలో గుల్లల నడుము దాకా నీళ్లు పోసి నిలబెట్టి, లైట్లు ఆర్పేసి, గ్యాస్ టార్చ్ మంట మూతికి మాత్రం కొన్ని సెకన్లు తగిలించి, ఎర్రబడటం మొదలెట్టేలోపే నీళ్లలోకి పడదోసేవాళ్లం.

ఇత్తడి లోపల దాగిన బిగువు ఏం చేస్తుందో చెప్పడానికి మన దేశంలో జరిగిన సంగతే ఒకటుంది. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో తూటాలు గుర్రపుశాలల్లో దాచేదట. వానలు తగ్గాక చూస్తే ఎవరూ ముట్టుకోని తూటాల మూతులు వాటంతటవే పగిలి ఉండేవి. కారణం 1921లో తేలింది. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, దానికి తోడు గుల్లని చల్లగా లాగినప్పుడు లోపల మిగిలిపోయిన బిగువు. ఇది విని మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి, పశువుల సాలకి ఆనుకున్న గోడ దగ్గర పెట్టిన కొత్త చెంబులు తీసి ఇవతలికి జరిపాడు.

ఒక్కటీ వెంట తెచ్చుకోలేదేమని అడిగాడు. ఇక్కడ 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేయడం నేరం, తూటా భాగాలు కూడా ఆ నిర్వచనంలోకే వస్తాయి. అందుకే సుద్దముక్క. దీన్ని చదివి ఇక్కడ ఎవరూ ప్రయత్నించొద్దు.

చివరిగా ఆయన అడిగింది, "అడుగున 308 అనే కొట్టుంటాది కదా, మరి ఇది 243 అని ఎలా తెలుస్తాది? కొత్త పేరు కొట్టకూడదా, చెంబు మీద పేరు కొట్టినట్టు?" అక్కడ సుత్తి దెబ్బ పనికిరాదు మావయ్యా, మధ్యలో మందుని అంటించే ప్రైమర్ కూర్చునే గుంట ఉంటుంది, అది ఒంకరపోతే గుల్ల పనికిరాదు అన్నాను. మేం అడుగున ఎర్ర మార్కర్‌తో అడ్డగీత గీసేవాళ్లం, పెట్టె మీద నాలుగు వైపులా పెద్ద అంకెల్లో 243 అని రాసేవాళ్లం, ఆ పెట్టె 308 ఉన్న అలమరాలో ఎప్పుడూ పెట్టేవాళ్లం కాదు.